పింఛను బల్ల పక్కన పన్ను బల్ల

పంచాయతీ కార్యదర్శి ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "సార్, ముందు ఏ చట్టం చదవాలి?" అని అడుగుతుంటారు. చట్టాలు తర్వాత చదువుకోవచ్చు. ముందు రెండు బల్లలు సంపాదించండి. ఒకటి పింఛనుకు, ఒకటి పన్నుకు. రెండింటి మధ్య మూడడుగుల జాగా వదలండి. గ్రామ పరిపాలన అనేది ఏదైనా ఉంటే అదంతా ఆ మూడడుగుల్లోనే ఉంటుంది.

నేను ఇరవై నాలుగేళ్లు ఈ కొలువు చేశాను. మొదట అచ్చంపేట వైపు అడవి అంచు ఊళ్లలో, తర్వాత హాలియా వైపు సాగర్ కాలువ కింది ఊళ్లలో. యాభై రెండేళ్లకే స్వచ్ఛందంగా విరమించుకున్నాను. దరఖాస్తులో అనారోగ్యం అని రాశాను. ఆ అనారోగ్యం పేరు మార్చి నెల. ఏటా ఒకసారి వచ్చేది, ముప్పై ఒక్క రోజులుండేది, నల్గొండ దవాఖానలో దానికి మందు లేదన్నారు.

ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను, రాలేదు కాబట్టి. కాగితాల గురించీ రాయను. వాటిలో సగం చెదలు చదివేశాయి, నాకంటే శ్రద్ధగా.

నోటిమాట ఆర్డరు

మార్చి ఆఖరుకల్లా ఇంటి పన్ను వంద శాతం వసూలు కావాలి. జనవరి దాకా మేం బతికున్నామో లేదో ఎవరికీ పట్టదు. ఫిబ్రవరిలో మండలం నుంచి ఫోన్లు మొదలవుతాయి. మార్చిలో ఫోన్ నా చెవికి ఎంతగా అతుక్కుపోయేదంటే, మంగలాయన చుట్టూ కత్తెర తిప్పి వదిలేసేవాడు.

మా మండల పంచాయతీ అధికారిని మేం పెద్దసారు అనేవాళ్లం. ఆయన దిగితే జీపు సంతోషంతో అరడుగు పైకి లేచేది. ఆయన దగ్గర ఒక గొప్ప విద్య ఉంది. తప్పు మాట ఎన్నడూ నోటివెంట రానిచ్చేవాడు కాదు.

"పింఛన్ల జోలికి పోవద్దు. ఒక్క పైస కొయ్యొద్దు. అది నేరం, చెప్తున్న," అని మీటింగులో అందరి ముందూ గట్టిగా అనేవాడు. అని, చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా అడిగేవాడు.

"మీ ఊళ్లె పింఛన్లు ఎప్పుడు పంచుతున్నరు?"

"మంగళవారం సార్."

"మంచిది. పన్ను వసూలు ఎప్పుడు పెట్టుకున్నవ్?"

"ఇంకా అనుకోలేదు సార్."

"అనుకోవయ్యా మరి," అని నవ్వేవాడు.

ఆర్డరు అంటే ఇంతే. మొండి బకాయిలను జనానికి ఇచ్చే డబ్బులోంచి సర్కారు ఎట్లా రాబట్టుకుంటుందో తెలుసుకుందామని ఏ పరిశోధకుడైనా వస్తే, వెయ్యి బీరువాలు తిరగేసినా వాడికి ఒక్క జీవో దొరకదు. దొరికేది ఒక ఖాళీ చాయ గ్లాసు.

మూడడుగుల శాస్త్రం

ఈ శాస్త్రంలో నా గురువు యాదగిరి. మా పంచాయతీ కారోబారు. అంటే పన్ను రసీదులు రాసేవాడు, చాటింపు వేయించేవాడు, నాకంటే ముందు ఊళ్లో ఉన్నవాడు, నా తర్వాతా ఉండబోయేవాడు. కార్యదర్శులు బదిలీ అవుతారు. యాదగిరి గోడల్లో సున్నంలాంటి వాడు.

పింఛను రోజు మా ఆఫీసు ఇట్లా ఉండేది. ముందు తలుపులోంచి లోపలికి వస్తే ఎడమ చేతి వైపు పింఛను బల్ల. దాని మీద వేలిముద్రల మిషను, దాని వెనక డబ్బు పంచే పోస్టు మనిషి. అక్కడ కుర్చీ ఉండదు, ఫ్యాను గాలి రాదు. నలభై ఏళ్లు కలుపు తీసిన వేళ్లకు గీతలెక్కడివి? మిషను వాళ్లను గుర్తుపట్టేది కాదు. ఒక్కొక్కరూ పది వేళ్లూ పెట్టి, తుడిచి, మళ్లీ పెట్టి, చివరికి కాలి బొటనవేలు పెట్టమంటావా అని అడిగేవాళ్లు. ఆ యుద్ధం గెలిచి రెండు వేల పదహారు రూపాయలు చేతిలో పడేసరికి కాళ్లు వణికేవి. సరిగ్గా అప్పుడు మూడడుగుల దూరంలో ఒక కుర్చీ కనబడేది. దాని పైన ఫ్యాను. పక్కన చల్లటి నీళ్ల కుండ. అదే పన్ను బల్ల.

"కూసో తాతా, ఎండల పడి వచ్చినవ్. జర నీళ్లు తాగు."

"వద్దు బిడ్డా. పోత."

"ఎట్ల పోతవ్? తొవ్వ ఇటే ఉన్నది."

నిజమే. పది మంది లోపలికి రాగానే ముందు తలుపును యాదగిరి తొక్కిసలాట అవుతుందని చెప్పి బయటి నుంచి గొళ్లెం పెట్టించేవాడు. వెనక తలుపు పన్ను బల్లను ఆనుకుని ఉండేది. యాదగిరి ఎవరి చేతిలోంచీ నోటు లాక్కోలేదు. అంత మర్యాదగల వసూలును నేను జన్మలో చూడలేదు. మనిషి కూర్చుంటాడు, నీళ్లు తాగుతాడు, లేచేసరికి జేబులో నోట్లు తగ్గి రసీదు పెరిగి ఉంటుంది. ఈ కిటుకు తెలిస్తే పెద్ద పెద్ద దేశాలు మా ఊరికి బృందాలను పంపేవి.

ఇక అసలు బకాయిలు ఎవరివి? ఎవరెంత పన్ను కట్టాలో రాసుండే డిమాండ్ రిజిస్టరు తెరిస్తే మొదటి పేజీలోనే రైసుమిల్లు. దాని కింద ఒక ఫంక్షన్ హాలు. దాని కింద రెండంతస్తుల భవనాలు ఒక బారు. ఆ మూడు పేజీల బకాయితో ఊరికి సిమెంటు రోడ్డు వేసి, మిగిలిన దాంతో దాని మీద తివాచీ పరవొచ్చు. కానీ ఆ పెద్దమనుషులు ఎవరికీ పింఛను రాదు. పింఛను రాదు కాబట్టి బల్ల దగ్గరికి రారు. బల్ల దగ్గరికి రాలేదు కాబట్టి వాళ్ల దగ్గర వసూలు చేయడం శాస్త్రప్రకారం కుదరదు. అరవై రూపాయల బకాయిదారు మాత్రం నెలనెలా తన కాళ్లతో తాను నడిచివచ్చి మా ముందు నిలబడతాడు. వంద శాతం ఎక్కడ దొరుకుతుందో సర్కారుకు తెలుసు.

నాలుగు బై ఇరవై ఏడు

ఒక ఏడు కొత్త యాప్ వచ్చింది. ప్రతి ఇంటికీ వెళ్లి, యజమానిని తలుపు దగ్గర నిలబెట్టి ఫొటో తీసి ఎక్కించాలి. అట్లా తిరుగుతూ నాలుగు బై ఇరవై ఏడో నంబరు ఇంటికి వెళ్లాను.

ఇల్లు లేదు.

దర్వాజ ఉంది. వేపకర్ర దర్వాజ, రెండు నిలువు కర్రలు, పైన ఒకటి, కింద గడప. గడపకు పచ్చగా పసుపు, బొట్లు. దర్వాజకు అటూ ఇటూ గోడ లేదు, పైన కప్పు లేదు, వెనక మోకాలెత్తు మట్టి దిబ్బ, దిబ్బ మీద ఆముదం చెట్లు. ఎప్పుడో పెద్ద వానకు గోడలు కూలిపోతే అదొక్కటే మొండిగా నిలబడిందట. దాని పక్కన, జుట్టు దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఫొటో కోసం సాలమ్మ నిలబడి ఉంది.

సాలమ్మ ఒంటరి మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. తలదాచుకునేది పక్క వీధిలో తమ్ముడి ఇంటి పంచలో. ప్రతి మార్చిలో పింఛను తీసుకుని నేరుగా పన్ను బల్ల దగ్గరికి వచ్చేది. కుర్చీ వద్దనేది, నీళ్లు వద్దనేది. డబ్బు పెట్టి, "రసీదు రాయి," అనేది. యాదగిరి ఆమెను మిగతావాళ్లకు ఉదాహరణగా చూపించేవాడు.

నేను రిజిస్టరు తెరిచి చూశాను. ఇంటి పన్ను ఉంది. దాని మీద గ్రంథాలయ పన్ను కూడా ఉంది. చదువు రాని మనిషి, గోడల్లేని ఇంటికి, మా ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడని గ్రంథాలయం కోసం ఏళ్ల తరబడి పన్ను కడుతోంది. నాకు ముందు పనిచేసిన వాళ్లూ నేనూ ఏటేటా పాత రిజిస్టరు చూసి కొత్తది దింపుకున్నాం తప్ప ఆ వీధికి పోలేదు. మా చేతిరాతలో ఆ ఇల్లు చెక్కుచెదరకుండా నిలబడే ఉంది.

"అవ్వా, గోడలేవీ?"

"కూలినయ్ సారూ."

"మరి పన్నెందుకు కడుతున్నవ్?"

"కట్టాలె గదా. నువ్వు ఫొటో తియ్యి. దర్వాజ మంచిగ పడేటట్టు తియ్యి."

యాప్‌లో గోడ ఏ రకమని అడిగింది. మట్టి, ఇటుక, రాయి. గోడే లేదనడానికి అందులో వీలు లేదు. కింద ఒక ఎర్ర గుర్తు ఉంది, ఇల్లు లేదు, తొలగించు అని.

నేను చేసిన ఘనకార్యం

కొత్తవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, జాలిపడి చేసిన ఈ తప్పు ఒక ఎత్తు.

నాకు ఒక్కసారిగా దయ పుట్టుకొచ్చింది. ఇరవై ఏళ్లుగా పేరుకున్న దయ, డ్యాము గేట్లు ఎత్తినట్టు వచ్చింది. పింఛను ఆగిపోతుందేమోనని భయపడి పాపం ముసలామె లేని ఇంటికి పన్ను కడుతోందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎర్ర గుర్తు నొక్కాను. ఆఫీసుకు వచ్చి రిజిస్టరులో కూడా నాలుగు బై ఇరవై ఏడు మీద ఎర్ర సిరాతో గీత గీసి సంతకం పెట్టాను. పాత డబ్బు తిరిగిద్దామని చూశాను గానీ, కోసే బల్ల ఉంది తప్ప తిరిగిచ్చే బల్ల సర్కారు ఎక్కడా చేయించలేదు.

ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాను. చాయ హోటల్లో చెప్పాను, బస్సులో పక్క సీటాయనకు చెప్పాను. చెప్పినప్పుడల్లా సాలమ్మ వయసు పదేళ్లు పెరిగేది. చివరికి హాలియా చేరేసరికి ఆమెకు నూట ఇరవై దాటాయి.

చెప్పనిది ఒక్క సాలమ్మకే. మార్చిలో ఆమె పింఛను తీసుకుని పన్ను బల్ల దగ్గరికి వస్తే యాదగిరి చేతులు జోడించాడు.

"నీకు పన్ను లేదవ్వా. సారు మాఫీ చేసిండు."

"మాఫీ ఎవరడిగిన్రు?"

"ఎవరడుగుతరవ్వా? ఊకెనే చేసిండు."

"రసీదు?"

"పన్నే లేనప్పుడు రసీదేంది?"

ఆమె డబ్బు రెండుసార్లు బల్ల మీద పెట్టిందట, యాదగిరి రెండుసార్లూ వెనక్కి జరిపాడు. నేను ఆ సమయంలో పక్క గదిలో, నా దయ గురించి పెద్దసారుకు ఫోన్లో చెబుతున్నాను.

గడ్డివాము

యాసంగి కోతలయ్యాక ఒక పొద్దున సాలమ్మ ఆఫీసుకు వచ్చింది. ఈసారి చీర నలిగి ఉంది, జుట్టు రేగి ఉంది. నా బల్ల ముందు నిలబడింది.

"ఏం సారువయ్యా నువ్వు? నా ఇల్లు ఎందుకు కూలగొట్టినవ్?"

"నేనా? వానకు కూలిందంటివి కదా అవ్వా?"

"వానకు గోడలు కూలినయ్. ఇల్లు కూలగొట్టింది నువ్వు."

సంగతేమిటంటే, ఆమె మరిది కొడుకు నర్సింహ ఆ జాగాను ఆనుకునే రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. దిబ్బ మీద అతనికి ఎప్పటి నుంచో కన్ను. అడిగినప్పుడల్లా సాలమ్మ పన్ను రసీదు తెచ్చి అతని ముఖాన ఊపేది. ఈ ఏడు ఊపడానికి రసీదు లేదు. సారు కొట్టేశాడని బస్సుల్లో, హోటళ్లలో అందరికీ తెలుసు, ఎవరి పుణ్యమో చెప్పనక్కర్లేదు. నర్సింహ రెండు ట్రాక్టర్ల వరిగడ్డి తెచ్చి ఆముదం చెట్లు తొక్కించి అక్కడ వాము వేశాడు.

పొలాలకు ఉన్నట్టు ఊరి లోపలి ఇళ్ల జాగాలకు పాసు పుస్తకాలుండవు. ఇల్లు నాది అనడానికి చాలామందికి ఉన్న ఒకే ఒక్క కాగితం పంచాయతీ పన్ను రసీదు. ఇది నాకు తెలియనిది కాదు. ఎన్నో తగాదాల్లో ఆ రసీదులు చూసి నేనే పంచాయితీ చెప్పాను. దయ పొంగినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

సాలమ్మ బొడ్లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద బోర్లించింది. రసీదులు. ఒక్కో ఏడాదికి ఒక్కోటి, తెలంగాణ రాకముందువి కూడా, మడతల దగ్గర అన్నం మెతుకులతో అతికించినవి.

"అన్నీ ఉన్నయ్. గీ ఏడుది లేదు."

"అవ్వా, నేను నీ పింఛనులోంచి కొయ్యొద్దనే..."

"నువ్వు కోస్తున్ననని అనుకున్నవా? నేను కొనుక్కుంటున్న బిడ్డా. ఏడాదికొక్కటి."

ఇన్నేళ్లు మేం ఆమె దగ్గర వసూలు చేస్తున్నామనుకున్నాం. ఆ గదిలో రెండు బల్లల వెనక కూర్చున్న చదువుకున్నవాళ్లందరిలో ఏం జరుగుతోందో తెలిసింది బల్లల ముందు నిలబడ్డ ఒక్కామెకు.

ఆదివారం ఇల్లు

పెద్దసారు దగ్గరికి పరుగెత్తాను.

"సార్, ఒక ఇల్లు మళ్లీ ఎక్కించాలి."

"కూలిన ఇల్లు లేచిందా?"

"లేదు సార్. పొరపాటున కొట్టేశాను."

"కొట్టేసినప్పుడు దయామయుడివి, ఇప్పుడు పొరపాటా? నీ దయ సంగతి నాకు నాలుగుసార్లు చెప్పినవ్ కదయ్యా. ఇల్లు చూపించు, నంబరు ఇస్త. సోమవారం యాప్ మూస్తరు. ఆ లోపల ఫొటో ఎక్కాలె. గోడ ఉండాలె, కప్పు ఉండాలె, తలుపు కాడ మనిషి ఉండాలె."

ఆ రోజు శుక్రవారం. సోమవారం దాటితే సాలమ్మ జాగా శాశ్వతంగా గడ్డివామే.

ఆదివారం పొద్దున నేను, యాదగిరి, సాలమ్మ తమ్ముడు ఆ దిబ్బ దగ్గర కలిశాం. వాము మా ముగ్గురికంటే చాలా ఎత్తుగా ఉంది. నా లెక్క ప్రకారం తాటిచెట్టంత. నర్సింహ మేడ మీది నుంచి చూస్తూ పళ్లు తోముకుంటున్నాడు.

"గడ్డి తియ్యాలె నర్సింహా," అన్నాను.

"ఎందుకు సార్? ఇల్లు లేదని మీరే రాసిన్రు గదా. సర్కారు మాటకు ఎదురు చెప్తనా నేను?"

నా చేతిలో కొలత టేపు ఉంది. ఊరికే దాన్ని లాగి అతని ఇంటి ముందు గోడకు ఆనించాను. పాతిక అడుగులు పోయింది.

"ఏంది సార్, నా ఇల్లెందుకు కొలుస్తున్నరు?"

"ఏం లేదు. నీ ఇల్లు రిజిస్టరులో ఏమని ఉందో తెలుసా? పూరిల్లు అని. మీ నాయిన కాలంలో రాసింది. ఈ పాలరాతి మెట్లున్న పూరిల్లు ఎట్లుంటదో యాప్‌లో జర అందరికీ చూపిద్దామని."

నర్సింహ నోట్లో బ్రష్షు ఆగిపోయింది. మధ్యాహ్నం రెండయ్యేసరికి దిబ్బ మీద ఒక్క గడ్డిపోచ లేదు. ఊడ్చి, నీళ్లు కూడా చల్లించాడు.

దర్వాజ ఎట్లాగూ ఉంది. దానికి అటూ ఇటూ తాటికమ్మల తడకలు కట్టాం. సాలమ్మ ఎవర్నీ దగ్గరికి రానియ్యకుండా బురద కలిపి తనే మెత్తింది. పైన రెండు రేకులు. ఆ రేకులు ఎక్కడివని అడగకండి. పంచాయతీ నర్సరీలో మొక్కలకు ఆ ఏడు కాస్త ఎండ ఎక్కువ తగిలింది, అంతే. పొద్దు వాలకముందే ఫొటో తీశాను. యాప్ గోడ రకం అడిగింది. మట్టి అని నొక్కాను. నాలుగు బై ఇరవై ఏడు మళ్లీ పుట్టింది. ఆ ఏటి రసీదు యాదగిరి అక్కడికక్కడే మోకాలి మీద పెట్టి రాశాడు. సాలమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసుకుని, తడి బురద చేతికి అంటకుండా దర్వాజ మీది కర్రలో దోపింది.

ఇది చదివి నన్ను మెచ్చుకోవడానికి తొందరపడకండి. నర్సింహ ఇల్లు నేను కొలవడం అక్కడితో ఆపేశాను. అతను గడ్డి తీశాడు, నేను టేపు చుట్టేశాను. ఆ రెండంతస్తుల భవనం, పాలరాతి మెట్లతో సహా, నేను కొలువు వదిలేనాటికి రిజిస్టరులో పూరిల్లుగానే ఉంది. ఒక తప్పు దిద్దడానికి ఇంకో తప్పును అట్లాగే వదిలేశాను. పేదరాలి ఇల్లు నిలబడాలంటే ఉన్నవాడి పన్ను ఎగ్గొట్టనివ్వాల్సి వచ్చింది. దీన్ని పరిపాలనా దక్షత అంటారని తర్వాత ఒక శిక్షణలో విన్నాను.

చివరి మంగళవారం

నా స్థానంలో వచ్చిన అమ్మాయి పేరు స్రవంతి. నేను బాధ్యతలు అప్పగించిన రోజు పింఛన్ల మంగళవారమే. ఆమె ఆఫీసులోకి వచ్చి, రెండు బల్లలు చూసి, కుర్చీ చూసి, కుండ చూసి, గొళ్లెం చూసింది. అయిదు నిమిషాల్లో మా ఇరవై ఏళ్ల శాస్త్రం ఆమెకు అర్థమైపోయింది. పన్ను బల్ల బయటికి తీయించింది. కుర్చీ, కుండ పింఛను బల్ల దగ్గర పెట్టించింది. ముందు తలుపు తెరిపించింది.

"పన్ను ఇంటింటికి పోయి అడుగుతా సార్. రైసుమిల్లు నుంచి మొదలుపెడతా," అంది.

"ఇగ పంచాయతీ మునిగినట్టే," అని యాదగిరి నా చెవిలో గొణిగాడు. ఆ అమ్మాయి రిజిస్టరులో మొదటి మూడు పేజీలకు గుర్తులు పెట్టుకోవడం చూసి నాకు సిగ్గేసింది. పేజీ తిప్పి, పూరిల్లు అని ఉన్న నర్సింహ ఇంటి నంబరు ఆమెకు నేనే చూపించాను. కొలువులో నేను చేసిన ఆఖరి పని అదే.

అంతలో సాలమ్మ వచ్చింది. పింఛను తీసుకుంది. తిరిగి చూస్తే మూడడుగుల అవతల బల్ల లేదు.

"నాది కొయ్యవా బిడ్డా?" అని స్రవంతిని అడిగింది.

"పింఛన్ల నుంచి కొయ్యొద్దవ్వా. నేనే ఇంటికొచ్చి తీసుకుంట."

"ఇంటికా?"

"ఆ. ఇంటికే."

సాలమ్మ ఆమెను కిందికీ పైకీ చూసింది. "ఎప్పుడొస్తవ్?"

"ఇయ్యాల్నే వస్త, సాయంత్రం."

"దర్వాజ కాడ నిలబడి పిలువు. లోపటికి రాకు. నేనే బయటికొస్త," అని చెప్పి గబగబా వెళ్లిపోయింది.

దారి చూపించడానికి నేనూ వెళ్లాను, నడుస్తూ దర్వాజ కథ, రసీదుల కథ చెప్పాను. వాకిలి ఊడ్చి ఉంది, ముగ్గు తడి ఆరలేదు. సాలమ్మ ఇప్పటికీ పడుకునేది తమ్ముడి పంచలోనే. అయినా లోపల పొయ్యి రాజేసిన పొగ రేకుల సందుల్లోంచి వస్తోంది. స్రవంతి దర్వాజ ముందు నిలబడి, "అవ్వా!" అని పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. ఎసరు మరిగేంత సేపు మమ్మల్ని నిలబెట్టింది. పక్క మేడ మీద నర్సింహ కుటుంబమంతా వచ్చి చూస్తోంది.

అప్పుడు లోపలి నుంచి గొంతు వినబడింది, మేడ మీదికి కూడా వినబడేంత గట్టిగా.

"ఎవరూ?"

"పంచాయతీ నుంచి వచ్చినమవ్వా."

"ఎందుకొచ్చిన్రు?"

"ఇంటి పన్నుకు."

"ఎవరింటి పన్ను?"

స్రవంతి నా వైపు ఒకసారి చూసి, మేడ వైపు తిరిగి, అంతే గట్టిగా చెప్పింది.

"నీ ఇంటిదే అవ్వా!"

సాలమ్మ గడప దాటి బయటికి వచ్చి, కొంగుముడి విప్పింది.